కొత్త యంత్రం వస్తే పనివారు నేర్చుకోవచ్చు కదా, ఎందుకు వ్యతిరేకిస్తారు?

నేర్చుకోవడానికి వారికి మనసు లేదన్న మాటను నేను ఒప్పుకోను. మా నాన్నగారు విజయవాడలో ఏలూరు రోడ్డుకు దగ్గరలోని ఒక ప్రెస్సులో 1969 నుంచి ఇరవై నాలుగేళ్లు అచ్చు అక్షరాలు పేర్చే కంపోజిటరుగా పనిచేశారు. అద్దంలో చూసినట్టు తిరగబడి ఉండే సీసపు అక్షరాలను ఎడమ చేతిలోని స్టిక్కు అనే చిన్న లోహపు పళ్లెంలో పేర్చుతున్నంతసేపూ ఆయన కళ్లు రాతప్రతి మీదనే ఉండేవి. గుణింతాలు, ఒత్తులు సహా ఏ అక్షరం కేసులో, అంటే గడులున్న అక్షరాల పెట్టెలో, ఏ గడిలో ఉందో ఆయన వేళ్లకు తెలుసు.

1993లో యజమాని కంప్యూటరు తెచ్చి, వారం రోజుల్లో టైపు చేయడం పట్టుబడితేనే పని ఉంటుందన్నారు. రోజంతా కంపోజింగు చేసిన తరువాత, రాత్రి ఏడు దాటాక మాత్రమే ఆ యంత్రం ఖాళీగా దొరికేది. నేను క్యారేజీ తీసుకువెళ్లిన రాత్రి ఆయన ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరం కోసం వెతుకుతూ కూర్చుని ఉన్నారు. అది ఏయే మీటలు కలిపి నొక్కితే వస్తుందో చెప్పవలసిన ఆపరేటరు ఇంటికి వెళ్లిపోయాడు, సూచనల పుస్తకమేమో ఇంగ్లీషులో ఉంది. ఇంతలో కరెంటు పోయి, అప్పటిదాకా కొట్టిన రెండు పేరాలూ పోయాయి. సేవ్ చేయాలన్న సంగతి ఆయనకెవరూ చెప్పలేదు. "సీసం కరెంటు పోతే చెరిగిపోదురా" అని మాత్రం అన్నారు.

ఎనిమిదో రోజున పని మాన్పించారు. నెల తిరగకుండానే అదే ప్రెస్సు నుంచి ప్రూఫులు దిద్దడానికి మా ఇంటికి వచ్చాయి, ఎందుకంటే ఆపరేటరుకు శ, ష తేడా తెలియదు. పదహారు పేజీల ఫారానికి ఇంత అని కట్టి ఇచ్చిన డబ్బు పాత జీతంలో సగానికి కూడా రాలేదు. ఆయన భాషాజ్ఞానం వారికి కావలసే ఉంది, దానికి నెల జీతం ఇవ్వడం మాత్రం ఇష్టం లేకపోయింది.

నేనిప్పుడు డీటీపీ, అంటే కంప్యూటరులో అచ్చుకు పేజీలు కూర్చే పని, చేస్తున్నాను, ఆ ధోరణి ఇంకా మారలేదు. అను ఫాంట్లనే పాత తరహా కంప్యూటరు అక్షరాల్లో కొట్టిన పాత పుస్తకాలను, అన్ని కంప్యూటర్లకూ ఉమ్మడి పద్ధతైన యూనికోడ్‌లోకి మార్చినప్పుడు చెదిరిన ఒత్తులను ఒక్కొక్కటిగా దిద్ది, ఆ దిద్దుబాటుకు కూలి అడిగితే, కంప్యూటరే మారుస్తుంది కదా అంటున్నారు.

పని గంటల్లోనే, జీతమిస్తూ, తెలుగులో మూడు నెలలు నేర్పితే యంత్రాన్ని కాదనే పనివాడు ఉండడని నా గట్టి నమ్మకం. అరవై ఏళ్ల వయసులో నాన్నగారు నా దుకాణంలో నా పక్కన కూర్చుని టైపు చేయడం నేర్చుకున్నారు. ‘స్త్రీ’ ఎలా కొట్టాలో మొదటి రోజే అడిగారు.