అర్ధరాత్రి ఆటో పిలిచే ముందు

పర్లాకిమిడి

అమ్మడూ,

మొన్న రాత్రి పన్నెండున్నరకి ఫోన్ చేసి "పెద్దమ్మా, గుంటడికి ఒళ్లు కాలిపోతోంది, ఆటో ఎక్కేశాం" అన్నావు. తీరా క్యాజువాల్టీలో బెంచీ మీద కూర్చుని వాడు బిస్కెట్లు తిన్నాడట! తిట్టడానికి కాదులే ఈ ఉత్తరం. 30 ఏళ్లు అదే క్యాజువాల్టీ పని చేసినదాన్ని. పగలు ఓపీ చీటీకి తీరికుండదు, మీ ఆయన వచ్చేసరికి రాత్రవుతుంది, జ్వరం అప్పుడే ఎక్కుతుంది, పక్కనుంచి మీ అత్త "ఇంకా చూస్తావేటి" అంటుంది. అవన్నీ నాకు తెలుసు. కానీ పాముకాటు కేసు వచ్చిన రాత్రి మీవాడి వంతు ఎప్పటికొస్తుందో చెప్పలేం.

ముందు పారాసిటమాల్ వెయ్యి. గంటాగి చూడు. వాడు ఆడుతూ, తాగుతూ, ఉచ్చ పోస్తూ ఉంటే తెల్లారేదాకా ఆగొచ్చు. వేడి కాస్త తగ్గి నిద్రపోయాక చొక్కా పైకెత్తి, పొట్ట లేచి దిగడం చూస్తూ నిండా ఒక్క నిమిషం ఊపిరి లెక్కపెట్టు. ఏడుస్తున్నప్పుడు లెక్కపెట్టకు, తప్పొస్తుంది. మీవాడికి ఏడాదిన్నర కదా, 40కి చేరినా, డొక్కలు లోపలికి లాగేస్తున్నా ఇంక ఎవర్నీ అడక్కు, 108కి చెయ్యి. ఫిట్సొచ్చినా, తాగిందల్లా కక్కేస్తున్నా, లేపినా మగతగా పడున్నా అంతే. మీ తోడికోడలి బిడ్డకి రెండు నెలలే. ఆ పసికందుకి 100.4 వచ్చిందంటే ఈ లెక్కలేవీ వద్దు, వెంటనే బయల్దేరండి.

మందు సీసా మాత్రం చదివి పట్టు. కిలో బరువుకి 15 మిల్లీగ్రాములు, ఆరేసి గంటల ఎడం. మీవాడు పది కిలోలు గనక 150. చుక్కల మందైతే మామూలుగా ఒక్క ఎమ్మెల్లోనే 100 ఉంటుంది, సిరప్ అయితే ఐదు ఎమ్మెల్‌కి 125 గానీ 250 గానీ. ఒకామె చుక్కల మందుని సిరప్ అనుకుని చెంచాడు పట్టేసింది. జ్వరం తగ్గిపోయినా మందు ఎక్కువైనందుకు ఆ బిడ్డని రాత్రంతా కనిపెట్టుకుని కూర్చున్నాం.

విరేచనాలకి ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్ మొత్తం లీటరు నీళ్లలో ఒకేసారి కలుపు. గ్లాసుకింత అని చల్లకు.

ఇంకొకటి, ఇది మన వైపు సంగతి. రాయగడ, గజపతి జిల్లాల్లో జ్వరం వస్తే "పళ్లొస్తున్నాయిలే" అని ఊరుకోకూడదు, మలేరియా ఉంది. 2017 నుంచి దమన్ అనే సర్కారీ మలేరియా పథకం కింద కొండ ఊళ్లలో జ్వరం లేనివాళ్లకి కూడా రక్తం చూస్తున్నారు, తెలుసుగా. ఆశా దీదీ దగ్గర కిట్ ఉంటుంది. వేలికి గుచ్చి చుక్క తీస్తే అరగంటలోపే తేలిపోతుంది. జ్వరమొచ్చిన 24 గంటల్లోపే చేయించు. నువ్వు ఆటో ఎక్కావు గానీ, నాలుగిళ్ల అవతలున్న ఆవిడ తలుపు మాత్రం తట్టలేదు.

శనివారం గుణుపురం బండికి వస్తున్న మీ బాబాయి చేత నా డ్యూటీ వాచీ పంపుతున్నాను. సెకన్ల ముల్లు బాగానే తిరుగుతోంది. బెల్టు మార్పించుకో.

మీ పెద్దమ్మ