కన్‌కషన్‌కి కూలింగ్ క్యాప్ పెట్టించాలా? మా అమ్మాయికి పెట్టించాం

మీ బాబుకి 13 ఏళ్లు, ఫుట్‌బాల్‌లో ఇంకో అబ్బాయి తల గుద్దుకుని కన్‌కషన్ (దెబ్బకి మెదడు అదిరి కొన్నాళ్లు సరిగా పనిచేయకపోవడం) అయింది, క్లినిక్‌లో కూలింగ్ క్యాప్ పెడతామంటున్నారు, దాంతో త్వరగా ఆటకి వెళ్లొచ్చా అని అడిగారు. డాక్టర్ చెబితే పెట్టించండి. నొప్పి తగ్గిందని ఆటకి మాత్రం పంపకండి.

మా అమ్మాయికి 14 ఏళ్లప్పుడు గోల్‌పోస్ట్ తలకి తగిలింది. మర్నాడు క్లినిక్‌లో అరగంట క్యాప్ పెట్టారు. చూడ్డానికి ఈతకొట్టేవాళ్ల టోపీలా ఉంటుంది, లోపల చల్లటి ద్రవం తిరుగుతూ ఉంటుంది, మెడకి కూడా ఒక పట్టీ. మొదటి ఐదు నిమిషాలు "అమ్మా, నుదురు లాగేస్తోంది" అంటూ నా చెయ్యి వదల్లేదు. తర్వాత అలవాటైంది. నొప్పి పదికి ఎంత అని అడిగితే ముందు 7 అంది, తీశాక 3 అంది. హమ్మయ్య అనుకున్నాను. అప్పుడు డాక్టర్ నెలల పేర్లు వెనక నుంచి చెప్పమన్నారు. డిసెంబర్, నవంబర్, అక్టోబర్, సెప్టెంబర్... అక్కడ ఆగిపోయి నా వైపు చూసింది. ఆగస్టు గుర్తు రాలేదు. నొప్పి తగ్గినా మెదడు ఇంకా కోలుకోలేదన్నమాట.

అది కళ్లారా చూసి కూడా తప్పు చేశాను. నొప్పి లేదంటోంది కదా అని ఐదో రోజే ప్రాక్టీసుకి పంపాను. పది నిమిషాలు పరిగెత్తేసరికి కళ్లు తిరిగి కూలబడింది, తలనొప్పి మళ్లీ మొదటికొచ్చింది. పూర్తిగా కోలుకోవడానికి ఐదు వారాలు పట్టింది.

దెబ్బ తగిలాక మెదడు కణాలకి శక్తి ఎక్కువ కావాలి, రక్తప్రసరణ మాత్రం తగ్గుతుంది. చల్లబరిస్తే ఆ అవసరం కొంత తగ్గుతుందని ఈ చికిత్స మొదలుపెట్టారు. స్వీడన్‌లో ఐస్ హాకీ ఆటగాళ్లకి దెబ్బ తగిలిన కాసేపట్లోనే 45 నిమిషాలు తల, మెడ చల్లబరిస్తే ఎక్కువ వారాలు ఆటకి దూరమైనవాళ్లు తగ్గారు. కానీ వాళ్లు ప్రొఫెషనల్ ఆటగాళ్లు, పైగా తమకి ఏ చికిత్స జరుగుతోందో వాళ్లకి తెలుసు, కాబట్టి మన పిల్లలకీ అలాగే పనిచేస్తుందని గట్టిగా చెప్పలేం. ఎంత చల్లబరిస్తే అంత మంచిదనీ అనుకోకండి. తలకి తీవ్రంగా దెబ్బ తగిలిన 225 మంది పిల్లల మీద చేసిన అధ్యయనం 2008లో వచ్చింది. అందులో కొందరి శరీర ఉష్ణోగ్రతని 24 గంటలు 32.5 డిగ్రీల సెల్సియస్‌కి దించారు, మేలు కనబడలేదు.

మా పాపకి నిజంగా పనిచేసింది మెల్లగా, మెట్టు మెట్టుగా వెళ్లడమే. మొదటి ఒకటి రెండు రోజులు విశ్రాంతి, ఫోన్ బాగా తక్కువ. తర్వాత నడక, సైకిల్, ఒంటరిగా బంతితో ప్రాక్టీసు. ఒక్కో మెట్టుకి కనీసం ఒక రోజు. ఒకరినొకరు ఢీకొనే ఆట డాక్టర్ సరేనన్నాకే.

ఇంట్లో ఐస్ పెడితే గుడ్డలో చుట్టి 15 నిమిషాలు చాలు, అదీ నొప్పికే. పదేపదే వాంతులు, లేపినా లేవనంత మత్తు, ఫిట్స్, పెరుగుతూ పోయే తలనొప్పి, వీటిలో ఏది కనబడినా వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి, క్యాప్ అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు.