ఎక్సెలాన్–పెప్కో విలీనం: 2014లో ఫెర్క్ ఒప్పుకున్నా 2016 దాకా ఎందుకు ఆగింది?

అమెరికా విద్యుత్ కంపెనీ ఎక్సెలాన్ మరో విద్యుత్ కంపెనీ పెప్కోను కొన్న డీల్ మీద మీ ప్రాజెక్టులో తేదీలు కుదరడం లేదని అడిగారు. ఫెర్క్ (అమెరికా కేంద్ర ఇంధన నియంత్రణ కమిషన్) ఆమోదాన్నే మీరు ఆఖరి ముద్ర అనుకున్నారు, అందుకే ఈ తేడా. ఫెర్క్ చూసేది హోల్‌సేల్ (టోకు) కరెంటు మార్కెట్, ట్రాన్స్‌మిషన్ (దూరాలకు కరెంటు మోసే లైన్లు) సంగతే. ఇంటి బిల్లు రాష్ట్రాల, డీసీ సొంత నియంత్రణ కమిషన్ల చేతిలో ఉంటుంది, కాబట్టి వాటి ఆమోదమూ కావాలి.

టైమ్‌లైన్ ఇలా సరిచేయండి:

1. 2014 ఏప్రిల్ 30: ప్రకటన, 6.8 బిలియన్ డాలర్లు.
2. వర్జీనియా, న్యూజెర్సీ, డెలావేర్, మేరీలాండ్: 2015 మే కల్లా అన్నీ సరే అన్నాయి.
3. 2015 ఆగస్టు 25: వాషింగ్టన్ డీసీ కమిషన్ కాదంది.

చాలామంది ఇక్కడే ఆగిపోతారు. అక్టోబరులో కంపెనీలు డీసీ ప్రభుత్వంతో రాజీ కుదుర్చుకుని మళ్లీ వెళ్లాయి. 2016 ఫిబ్రవరిలో కమిషన్ ఆ రాజీనీ తోసిపుచ్చింది. పేపర్లు 'తిరస్కరణ' అనే రాశాయి, నేనూ మొదట అదే నమ్మాను. కానీ అదే ఉత్తర్వులో 'ఈ షరతులైతే సరే' అంటూ కమిషన్ తన సొంత జాబితా ఇచ్చింది. మార్చి 23న ఆమోదం వచ్చింది, డీల్ ఆరోజే ముగిసింది.

డీసీ కమిషన్ సైట్‌లో ఈ విలీనం కేసు, ఫార్మల్ కేస్ 1119 తెరిచి, ఫిబ్రవరి ఉత్తర్వును చివరిదాకా చదవండి. మీకు కావలసిన షరతులు అందులోనే ఉన్నాయి.