నెగడు వేసే ముందు నీళ్లు చూసుకో

ఒరే చిన్నా,

సంక్రాంతి సెలవులకి నువ్వూ నీ ఫ్రెండ్సూ మహేంద్రగిరి ఎక్కి, పైన టెంట్ వేసి క్యాంప్‌ఫైర్ పెట్టుకుంటారట, మీ అమ్మ చెప్పింది. వెళ్లండి. ముందు అటవీశాఖ వాళ్లని అడగండి, వాళ్లు మంట వద్దంటే ఇంక బేరాలాడొద్దు. 1501 మీటర్ల కొండ, చలి ఉంటుంది, కాదనను, కానీ దానికి స్వెట్టరూ రగ్గూ ఉన్నాయి కదా. వంటకి చిన్న గ్యాస్ స్టవ్ చాలు.

ఈ బుద్ధి నాకు మీ వయసులో లేదు. కొరాపుట్ వైపు ఓ కొండ మీద, మెత్తగా ఉంది కదా అని చెట్టు మొదట్లో ఆకుతుక్కు మీదే నెగడు వేశాం. పొద్దున రెండు సీసాల నీళ్లు పోస్తే బుస్సుమంది, ఆరిపోయిందనుకుని దిగిపోయాం. మర్చిపోయిన టార్చి కోసం సాయంత్రం వెనక్కి వెళ్తే బూడిద చల్లగానే ఉంది, రెండడుగుల అవతల మాత్రం నేలలోంచి సన్నగా పొగ. కర్రతో తవ్వితే లోపల వేరు ఎర్రగా కణకణలాడుతోంది! టార్చి గుర్తుండి ఉంటే ఆ అడవి ఏమయ్యేదో.

అందుకే, తప్పదనుకుంటే ఇదివరకే కాలిన చోటే వెయ్యి. అలాంటిది లేకపోతే టార్పాలిన్ ముక్క మీద బెత్తెడుకి పైగా మట్టి పోసి దాని మీద, ఆ మట్టి కూడా కూలిన చెట్టు గోతిలోంచి తీసుకో, కొత్తగా తవ్వకు. కత్తి తీసుకెళ్లొద్దు. నేల మీద పడున్న ఎండుపుల్లలు, చేత్తో విరిగేవి, అవీ కొంచెం కొంచెంగా దూరం దూరంగా ఏరుకోండి. అక్కడి సవర తెగ ఆడవాళ్లు వంటచెరుకు ఏరుకునే దారి పక్కన మాత్రం వద్దు, అది వాళ్ల పొయ్యిలోది లాక్కోవడమే. గెడ్డలో, అంటే వాగులో రాళ్లు పొయ్యికి పెట్టకు, లోపలి తడి వేడెక్కి పేలతాయి. బిస్కెట్ ప్యాకెట్లు మంటలో పడేస్తే వెండిరేకు అక్కడే మిగులుతుంది, సంచిలో వేసుకుని దిగండి.

మోసుకెళ్లిన నీళ్లు తాగడానికే సరిపోయేట్టుంటే అసలు వెలిగించకు. ఆర్పేటప్పుడు నీళ్లు పోసి, పుల్లతో కలిపి, మళ్లీ పోసి, పైన చెయ్యి పెట్టి చూసి, వేడి లేకపోతే లోపలికి వేళ్లు పెట్టి చూడు. చల్లబడ్డ బూడిద దూరంగా చల్లెయ్.

ఫిబ్రవరి దాటాక వస్తానంటే మాత్రం మంట మాటే ఎత్తొద్దు. ఇప్పపూల కోసం చెట్లకింద ఆకులు కాల్చే రోజులవి, అడవంతా ఎండిపోయి ఉంటుంది.

దిగాక పర్లాకిమిడిలో మనింటికి రండి, మీ అత్త చేపల పులుసు పెడుతుంది. ముందు చేతులు చూపించాలి, గోళ్లలో బూడిద లేకపోతే నెగడు ఆర్పొచ్చారంటే నేను నమ్మను.

మీ మావయ్య