ఎర్ర లైటు వెలుగుతోంది, తెర మీద మాత్రం ఏమీ లేదు

ప్రశ్న: మాది సింగరాయకొండ దగ్గర పల్లె. రొయ్యల సాగు చేస్తున్నాం. మా అబ్బాయి పాలిటెక్నిక్‌లో ఈసీఈ (ఎలక్ట్రానిక్స్, కమ్యూనికేషన్) రెండో సంవత్సరం. పట్టుబట్టి రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్ బోర్డు కొనిపించుకున్నాడు. ఎర్ర లైటు వెలుగుతోంది గానీ టీవీలో ఏమీ రావడం లేదు. పాడైంది, ఇంకొకటి కొనమంటున్నాడు. దీనివల్ల ఉద్యోగానికి ఉపయోగం ఉందా? పక్కనపెట్టి, డిప్లొమా తర్వాత ఇంజినీరింగ్‌లో చేరడానికి రాసే ఈసెట్‌కు చదువుకోమనాలా?

జవాబు: ఇప్పుడే ఇంకో బోర్డు కొనకండి. ఎర్ర లైటు కరెంటు అందుతోందని మాత్రమే చెబుతుంది. పక్కనున్న ఆకుపచ్చ లైటు మినుకుమంటోందా? కార్డును చదివేటప్పుడు అది మినుకుమంటుంది. ఉలుకూ పలుకూ లేకపోతే ముందు అనుమానించాల్సింది మెమరీ కార్డునే. బోర్డును నడిపించే ఆపరేటింగ్ సిస్టమ్ ఉండేది అందులోనే. కొత్తవాళ్లు చాలామంది డౌన్‌లోడ్ చేసిన ఆ సిస్టమ్ ఫైలును పెన్‌డ్రైవ్‌లో పాటలు వేసినట్టు కార్డులో వేసేస్తారు. అలా కుదరదు. రాస్ప్‌బెర్రీ పై ఇమేజర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో రాయాలి. యూజర్ పేరు, పాస్‌వర్డ్, వైఫై వివరాలు అందులోనే ముందుగా ఇవ్వవచ్చు. పాత వీడియోల్లో చెప్పే, ముందే సిద్ధంగా ఉండే 'పై' (pi) అనే యూజర్ ఖాతాను 2022లోనే తీసేశారు. దాని కోసం తంటాలు పడవద్దు.

ఆకుపచ్చ లైటు ఆడుతున్నా తెర నల్లగానే ఉంటే కేబుల్ చూడండి. రెండు మైక్రో హెచ్‌డీఎంఐ రంధ్రాల్లో ఛార్జర్ పెట్టేచోటుకు దగ్గరున్న దానిలోనే పెట్టాలి. ఛార్జర్ 5 వోల్టులు, 3 ఆంపియర్లు ఇవ్వాలి. ఇంట్లో ఉన్న ఫోను ఛార్జర్‌తో నెట్టుకొస్తే తెర మీద మెరుపు గుర్తు కనిపిస్తుంది, కరెంటు చాలడం లేదని. డబ్బు పెట్టదలిస్తే అడాప్టర్ మీద, మంచి కార్డు మీద పెట్టండి.

ఇక ఉద్యోగం సంగతి. బోర్డు కొన్నానంటే ఎవరూ ఉద్యోగం ఇవ్వరు. పనిచేయనప్పుడు ఏం చూశావు, ఎలా పట్టుకున్నావు అని ఎంబెడెడ్ (యంత్రాల లోపల ఉండే చిన్న కంప్యూటర్లు తయారుచేసే) కంపెనీల ఇంటర్వ్యూల్లో అడుగుతారు. అందుకే ఒక నోట్‌బుక్ పెట్టించండి: ఏది మార్చాడు, ఏమైంది. ఒకసారికి ఒక్కటే మార్చాలి. నా లెక్కలో ఆ పుస్తకం బోర్డు కంటే విలువైనది. ఈసెట్‌కు ఇది అడ్డం కాదు. ఆ పరీక్ష చివరి సంవత్సరంలో రాసేది. ఆదివారాలు దీనికి వదలండి, చాలు.

బోర్డు లేచాక మీ చెరువే ప్రాజెక్టు. డీఎస్18బీ20 అనే నీళ్లలో ముంచే ఉష్ణోగ్రత సెన్సార్ దొరుకుతుంది, తీగలు మూడే. సమాచారం వచ్చే తీగకూ 3.3 వోల్టుల పిన్నుకూ మధ్య 4.7 కిలో ఓమ్‌ల రెసిస్టర్ వేయాలి. ఆ రెసిస్టర్ మీద పసుపు, ఊదా, ఎరుపు పట్టీలుంటాయి. సమాచారం వచ్చే ఆ తీగకు 5 వోల్టులు తగిలితే బోర్డు నిజంగానే పాడవుతుంది. రాత్రంతా పది నిమిషాలకొకసారి రీడింగ్ నమోదు చేయించండి. ఆక్సిజన్ సెన్సార్లు ఖరీదు, వాటి జోలికి ఇప్పుడే వద్దు. తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోతుందని మీకు నేను చెప్పాలా! కాబట్టి నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లను ఆన్ చేసే పని బోర్డుకు అప్పగిస్తానంటే ఒప్పుకోకండి. త్రీఫేజ్ కరెంటు, రొయ్యల ప్రాణం రెండూ అక్కడే ఉన్నాయి. ఏరియేటర్ మోటారు స్టార్టర్ ఈ ఏడాది మీ చేతిలోనే ఉండనివ్వండి.