ముక్కుపుడక పక్కన బొడిపె

ప్రశ్న: మా అమ్మాయికి ముక్కు కుట్టించి 3 వారాలైంది. పుడక పక్కన చిన్న బొడిపె లేచింది. అత్తగారు పసుపు, కొబ్బరినూనె రాయమంటున్నారు. పుడక తీసేయాలా?

జవాబు: తీయకండమ్మా. రంధ్రం మూసుకుపోయి, చీముంటే లోపలే చిక్కుకుంటుంది. పసుపు, నూనె పుడక చుట్టూ అట్టకట్టి రసిని బయటికి రానివ్వవు, అత్తగారికి నచ్చజెప్పండి. కాచి చల్లార్చిన పావు లీటరు నీళ్లలో పావు టీస్పూను అయోడిన్ లేని ఉప్పు కరిగించి, శుభ్రమైన గుడ్డతో రోజుకు 2 సార్లు, 5 నిమిషాలు అద్దండి. ఉప్పు ఎక్కువైతే మంట పుడుతుంది. లేత పసుపురంగు పొక్కు నానితే తనే ఊడుతుంది, గిల్లనివ్వొద్దు. పుడక తిప్పనివ్వొద్దు. తువ్వాలు దారాలు తగులుకున్నా బొడిపె లేస్తుంది, టిష్యూతో అద్దుకోమనండి. పూర్తిగా మానడానికి 4 నుంచి 6 నెలలు పడుతుంది. ఎరుపు బుగ్గకు పాకినా, జ్వరం వచ్చినా ఆ రోజే డాక్టరుకు చూపించండి.