గుట్టల మీద గుండ్లు ఎవరు పేర్చిండ్రు, చెల్క నేల ఎందుకు ఎర్రగ ఉంటది?

నల్గొండ, మహబూబ్‌నగర్ దిక్కు గుట్టల మీద గుండ్లు ఒకదాని మీద ఒకటి ఎట్ల నిలబడ్డయి అని అడిగిండ్రు కదా, ఎవరూ పేర్చలే, అవి ఉన్నకాడనే తయారైనయి. మన కింద ఉన్నది గ్రానైట్, 250 కోట్ల ఏళ్ల నాటిది, భూమి లోపల బాగ లోతుల గట్టిపడ్డది. మీదున్నదంత అరిగిపోయినంక బరువు తగ్గి అడ్డంగ నిలువుగ పగుళ్లొచ్చినయి, ఆ పగుళ్లలకు నీళ్లు దిగి రాయిని మెల్లగ కుళ్లబెడతయి, మూలలకు అన్ని దిక్కుల నుంచి దెబ్బ తగుల్తది కాబట్టి ముందు అవే పోతయి, నడిమి గట్టి ముద్ద గుండ్రంగ మిగుల్తది. సుట్టు కుళ్లి రాలిన రాయి, అంటే మొరం, వానకు కొట్టుకపోతే గుండ్లు బయటపడతయి. ఎప్పుడన్న గుండు అడుగున గోరుతో గీకి చూడండి, ఉల్లిపొర లెక్క పెచ్చు ఊడొస్తది, మెరిసే అభ్రకం రవ్వలు చేతికంటుతయి.

ఆ రాలిన రాయే మన చెల్క. రాయిల ఉన్న ఇనుము గాలి, నీళ్లు తగిలి తుప్పు పడ్తది, అదే ఎరుపు. ఇసుక పాలు ఎక్కువ కాబట్టి తడి ఆగది, అందుకే పల్లి, ఆముదం ఏస్తరు. అదే కృష్ణ, తుంగభద్ర ఒడ్డున అలంపూర్ దిక్కు పోతే నల్లరేగడి కనబడ్తది.

నల్గొండ బోరు నీళ్లల్ల ఫ్లోరైడ్ కూడ ఈ రాయిదే, నీళ్లు ఎక్కువ కాలం రాయి పగుళ్లల్ల నిలబడితే రాయిల ఉన్న ఫ్లోరైడ్ కరిగి నీళ్లల్ల కలుస్తది.